లండను నగరమునఁ జూడఁదగినవి



ఈ కాలమున మన పల్లెలలో లండను పేరు వినని యిల్లు లేదు. కొడుకో, కూఁతురో, మనుమఁడో యచ్చటఁ జదువుకొనుటయో, కొలువు చేయుటయో సామాన్యమైనది. ఆ బిడ్డలు పెద్దలను రమ్మని పిలుచుటయుఁ, బెద్దలు పోయి నెలయో రెండు నెలలో యుండి వచ్చుటయు జరుగుచున్నది. నేనును అట్లే యొక వేసవి నా కుమారునియొద్దఁ గడపి వచ్చినవాఁడను. పోయివచ్చినవారిని ఏమి చూచితిరని యడుగఁగా, రాజమందిరపు వాకిట నెఱ్ఱకోటుల సిపాయిలు కావలి మారుట చూచితి మందురు; నదియొడ్డున 135 మీటరుల యెత్తుగల పెద్ద రంగులరాట్న మెక్కితి మందురు; మైనపుబొమ్మల ప్రక్క నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొంటి మందురు. అవి చూడరాదని నా మతము కాదు. ఆ రాట్నము నేనును ఎక్కితిని. అది 2000 సంవత్సరమునఁ దెఱవఁబడినది గావున దానికిఁ జరిత్ర యింకను ఏర్పడలేదు. అంత దూరము పోయి, మన దేశపు సుఖదుఃఖములను నూఱేండ్లకుఁ బైగా నిర్ణయించిన యా నగరమున మనకు సంబంధించిన చోటులను జూడకయే మరలుట మాత్రము నాకు సమ్మతము కాదు. అందుచేత మొదటిమాఱు పోవువారు చూడఁదగిన స్థలములను, వాని పూర్వవృత్తాంతమును గొంత విన్నవించెదను.

మొదట నొక సంగతి గ్రహింపవలయును. లండను ఒక్క పట్టణము కాదు. రెండు పట్టణములు కలిసి పెరిగినది. తూర్పున నున్నది వర్తకుల పట్టణము. దానికే నేఁటికిని ‘సిటీ’ యని పేరు. దాని వైశాల్యము ఇంచుమించుగా నొక చదరపు మైలు మాత్రమే. పడమట నున్నది రాజుల పట్టణము, వెస్టుమినిస్టరు. ఈ రెంటిని గలుపునది థేమ్సు నది. సముద్రపుఁ బోటు ఈ నదిలో నగరమును దాఁటి పోవును. ఆ పోటుతోడనే పూర్వము ఓడలు లోనికి వచ్చెడివి. ఊరి యైశ్వర్యమునకు మూల మదియే.

క్రీ. శ. 43లో రోమకులు ఆ ద్వీపముపై దండెత్తి, పిమ్మటఁ గొలఁది యేండ్లలో నదికి వంతెన కట్టి, ‘లొండీనియ’ మను రేవుపట్టణము నెలకొల్పిరి. 60వ సంవత్సర ప్రాంతమున బౌడికా యను స్థానిక రాణి తిరుగఁబడి దానిని దగ్ధము చేసెను. రోమకులు మరలఁ గట్టి, 200 ప్రాంతమున నగరముచుట్టును ఱాతిగోడ పెట్టిరి. ఆ గోడ తునుక యొకటి టవరుహిల్లు స్టేషను వెలుపలనే నేఁడును నిలిచియున్నది. మనవారు రైలు దిగి దాని ప్రక్కనే నడచిపోవుదురు, తలయెత్తి చూడరు. ఆ గోడ నాఁటి రోమకులకు మన శాతవాహనుల రాజ్యము సమకాలికము. రోము నాణెములు మన యాంధ్రదేశపు మట్టిలోఁ దఱచుగా దొరకినవి. కాఁబట్టి లండను పసితనమున నున్నపుడు మన కృష్ణాతీరము నాలుగు సముద్రముల వర్తక మెఱిఁగిన ప్రౌఢ యని చెప్పవచ్చును.

ఆ గోడ కెదురుగా నున్నదే టవరు కోట. 1066లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించి, నగరవాసులను భయపెట్టి యుంచుటకై యీ కోటను ఆరంభించెను. నడుమ నున్న తెల్లబురుజు ఇంచుమించుగా 90 అడుగుల యెత్తు గలది. దాని మూలల ఱాళ్లను ఫ్రాన్సునందలి కాన్ పట్టణమునుండి తెప్పించిరి. పిమ్మట నది రాజగృహమును, ఖజానాయు, చెఱసాలయు నయ్యెను. 1535లో పండితుఁడును మంత్రియు నైన టామస్ మూరును, 1536లో రాణి యాన్ బొలీనును ఈ కోటలోఁ జెఱ నుండియే శిరచ్ఛేదము నొందిరి. అచ్చట పెంచు మాలకాకులు ఎగిరిపోయిన రాజ్యము కూలునని యొక వదంతి కలదు. కావలివారు దానిని గంభీరముగాఁ జెప్పుదురు. అది గత శతాబ్దులలోఁ బుట్టిన కథయే కాని ప్రాచీనము కాదని చరిత్రకారుల తీర్పు.

ఈ కోటలో రాజాభరణములశాల కలదు. కోహినూరు వజ్ర మచ్చట నున్నది. జనసమ్మర్దము నిలువకుండుటకై కిరీటముల యెదుట నేల తనంతఁ దానే కదలునట్లు చేసినారు. దానిపై నిలిచినవాని నది ముందునకుఁ గొనిపోవును. ఆ వజ్రము 1739లో నాదిరుషాతో ఢిల్లీ విడిచెను. 1813లో పంజాబు మహారాజు రంజిత్ సింగు చేతికి వచ్చెను. 1849లో లాహోరు సంధి ప్రకారము పదియేండ్ల బాలుఁడగు దలీపుసింగుచేత ఇంగ్లండు రాణికి సమర్పింపఁ జేయఁబడెను. పదియేండ్ల బిడ్డ చేసిన సమర్పణము సమర్పణ మగునా యని ధర్మశాస్త్రము చదివినవాఁ డెవఁడైనను అడుగును. 1851 ప్రదర్శనమున జనులు దానిని జూచి, కాంతి చాలదని పెదవి విఱిచిరి. మఱుసటి యేఁడు సానఁబట్టఁగా 186 క్యారట్ల వజ్రము 105 క్యారట్లకుఁ గొంచెము పైగా మిగిలెను. ఇప్పుడది 1937లో నొక రాణికై చేయించిన కిరీటమున నున్నది. 2023 మే నెలలో జరిగిన పట్టాభిషేకమున నా కిరీటమును వాడక మానివేసిరి.

ఈ వజ్రము మన పల్నాటిసీమ కొల్లూరు గనిలోఁ బుట్టినదని చాలమంది చెప్పుదురు. ఆ మాటకు శాసనప్రమాణము లేదు. కాని 18వ శతాబ్దమున బ్రెజిలు వజ్రములు బయల్పడువఱకు లోకమునకు వజ్రములను ముఖ్యముగా నొసంగినది భారతభూమియే. అందులోఁ గృష్ణాతీరపు గనులు ప్రసిద్ధములు. 17వ శతాబ్దమునఁ గొల్లూరును జూచిన ఫ్రెంచి వర్తకుఁడు టవర్నియే, అచ్చట 60,000 మంది పని చేయుచుండిరని వ్రాసెను. నేఁ డా కొల్లూరు చోటు పులిచింతల జలాశయమున మునిఁగియున్నది. గని నీళ్లక్రిందను, వజ్రము గాజుపెట్టెలోను!

కోటనుండి పడమరకు నడచినచో నొక నిలువెత్తు ఱాతిస్తంభము కనఁబడును. దాని యెత్తు 202 అడుగులు. లోపల 311 మెట్లు. 1666 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవాఱుజామున నా ప్రక్కసందులో నొక రొట్టెలవాని పొయ్యినుండి నిప్పంటుకొని నాలుగు దినములు నగరమును గాల్చెను. 13,200 ఇండ్లును, 87 చర్చిలును బూడిదయ్యెను. వేసవిగాడ్పులో నొక పాక యంటుకొన్నచో వాడ యంతయు నెట్లు పోవునో మన పల్లెలలో నెఱుఁగనివారు లేరు. లండనులోను నదే జరిగెను: కొయ్యయిండ్లు, ఇఱుకు సందులు, తూర్పుగాలి. ఆ మీఁదట ఇటుకతోడను ఱాతితోడనే ఇండ్లు కట్టవలెనని శాసనము చేసిరి. ఇంటికి భీమా యనునదియు నింగ్లండున నీ నిప్పు పిమ్మటనే, పదునైదేండ్లలోఁ బుట్టినది. ఇప్పుడు మనము పశువులకును బంటలకును గట్టు భీమాల తాతముత్తాతలలో నది యొకటి.

కాలిన చర్చిలలోఁ బెద్దది సెంట్ పాల్సు. సర్ క్రిస్టఫర్ రెన్ను అను శిల్పి 1675లో పునాది వేయించి 1710లో ముగించెను. తాను మొదలిడిన పెద్ద దేవాలయమును దాను బ్రతికియుండఁగనే పూర్తి చేసిన శిల్పులు లోకమున నరుదు. గుమ్మటము శిఖరముతోఁ గూడ 365 అడుగులు. లోపల గుండ్రని వసారా యొకటి కలదు. ఒక ప్రక్క గోడకు నోరు చేర్చి మెల్లగాఁ బలికిన మాట యెదుటిప్రక్క గోడవద్దఁ జెవి యొగ్గినవానికి వినఁబడును. మన గోలకొండ సింహద్వారమునఁ జప్పటులు కొట్టినఁ గొండమీఁది బాలాహిసారున వినఁబడుటను జూచినవారి కిది యంత వింతగాఁ దోఁపదు. ఆ గుమ్మటముకన్న నాకు విస్మయకరమైనది వేఱొకటి. 1940 డిసెంబరు 29వ తేదీ రాత్రి జర్మనుల విమానములు కురిపించిన నిప్పులవానలోఁ జుట్టునున్న వాడ లన్నియుఁ గాలిపోయినను, కావలిసేన ప్రాణములకుఁ దెగించి యీ కట్టడమును గాపాడెను.

ఇక సెంట్ పాల్సునుండి తూర్పుగాఁ గొంత దూరము నడచి లెడెన్‌హాలు వీథికిఁ బోవలయును. దారి చూపువారు సాధారణముగా నిచ్చటికిఁ దీసికొని రారు. చూచుటకు నేమియు లేదు. లాయిడ్సు భీమావర్తకుల యుక్కుభవన మొకటి యున్నది, గొట్టములను బయటఁ బెట్టి లోపలిది వెలుపలికిఁ ద్రిప్పినట్లు 1986లోఁ గట్టినది. కాని మొదటిమాఱు పోవు తెలుఁగువాఁడు తప్పక నిలిచి చూడవలసిన స్థలము లండనున నొక్కటే యున్న దనినచో, అది యిది యని నా యభిప్రాయము. ఈ స్థలముననే ఈస్టిండియా కంపెనీవారి ప్రధానకార్యాలయ ముండెడిది.

1600 డిసెంబరు 31వ తేదీని రాణి యెలిజబెత్తు ఆ కంపెనీకిఁ బట్టా యిచ్చెను. 1611లో వారి యోడ మన మచిలీపట్టణమునఁ దిగెను. 1765లో మొగలాయి ఫర్మానాయు, 1766లో నిజాముతోడి యొడంబడికయుఁ బొంది, యుత్తరసర్కారులను గైకొనిరి. అది మొదలు శ్రీకాకుళమునుండి కృష్ణవఱకుఁ గల రైతు కట్టు శిస్తు సంగతి, వేల మైళ్ల యవతల నీ వీథిలోఁ గూర్చుండిన యిరువదినలువురు డైరెక్టరుల బల్లమీఁదికిఁ బోవలసినదే. ఆంగ్లసాహిత్యము చదివినవారు చార్లెస్ ల్యాంబును ఎఱుఁగుదురు. ఆయన 33 ఏండ్లు ఇచ్చటనే గుమాస్తాగా లెక్కలు వ్రాసెను. ఎవరి శిస్తుల లెక్కలో, ఎవరి నేఁతల లెక్కలో మనము వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు.

నందననామ సంవత్సరపు టెద్దడి మన పెద్దలనోట విననివారు లేరు. 1832–33 నాఁటి యా నందనకరువులో గుంటూరుసీమ శ్మశానప్రాయ మయ్యెను. శిస్తు చక్కఁగా రాలిన దినములలోఁ జెఱువులకుఁ గాలువలకు వ్యయ మక్కఱలేదని యెంచిన యేలుబడి యిది. మఱల, సర్ ఆర్థరు కాటను గోదావరికి ధవళేశ్వరమున నానకట్ట కట్టవలెనని వ్రాసిన ప్రతిపాదనమునకు డైరెక్టరు లామోదించినదియు నిచ్చటనే. పని 1847లో మొదలై 1852లో ముగిసెను; డెల్టా యన్నపూర్ణ యయ్యెను. చావు నిచ్చిన యుపేక్షయు, నన్నము నిచ్చిన యుత్తరువు నొక్క యింటినుండియే వెడలినవి. కంపెనీ ప్రభుత్వము 1858లో రద్దయ్యెను. భవనమును 1861లోఁ బడఁగొట్టిరి. ఒక ఱాయి యైనను మిగులలేదు. మూలనున్న బాటమీఁద నిలిచి నేను చాలసేపు ఆ గొట్టముల మేడను జూచితిని. దారిని బోవువారు నన్ను వింతగాఁ జూచిరి.

రాజుల పట్టణమును గుఱించి క్లుప్తముగాఁ జెప్పెదను. దానినిగుఱించి చెప్పువారు పెక్కుమంది కలరు. వెస్టుమినిస్టరు ఆబీలో 1066 మొదలు పట్టాభిషేకములు జరుగుచున్నవి. రాజుల గోరీలకన్న న్యూటను సమాధి, డార్విను సమాధి, కవుల మూలయుఁ జూడఁదగినవి. రాజులతో సమముగా విద్వాంసుని పాఁతిపెట్టుట యా జాతికి గౌరవము తెచ్చిన పని. ఎదుట పార్లమెంటు భవనము. పాతది 1834లోఁ గాలిపోఁగా నిప్పటిది కట్టిరి. గడియారపు గోపురమునకు బిగ్‌బెన్ అందురు గాని, యది లోపలి పెద్దగంట పేరు. మనకు స్వాతంత్ర్యము నిచ్చు చట్టము 1947 జూలై 18వ తేదీని రాజామోదము పొందినది యీ భవనముననే. ఆ యెదుటి మైదానమున 2015 మార్చిలో గాంధీమహాత్ముని విగ్రహమును నిలిపిరి. ఆయనను బ్రదికియున్నపు డాక్షేపించిన చర్చిలు ప్రతిమయు నదే మైదానమునఁ గలదు.

ఇప్పుడు బ్రిటిషు మ్యూజియము సంగతి. 1753లో స్థాపితమై 1759లోఁ దెఱవఁబడిన యీ శాలకుఁ బ్రవేశరుసుము లేదు. కోటకు హెచ్చు ధర పెట్టి టిక్కెట్టు కొన్నవారికి నిది యూరట. ముంగిటనే రోసెట్టాశిల కలదు. ఒక్క శాసనమును మూఁడు లిపులలోఁ జెక్కిన యీ ఱాతినిబట్టి 1822లో షాంపోలియో ఈజిప్టు చిత్రలిపిని జదివెను. మన శాసనపరిశోధకులకు నిది పుణ్యక్షేత్రమే. కాని మీ రచ్చట నాగక, ఆసియాఖండపు వస్తువులుండు పొడుగాటి శాలకుఁ బోయి, దాని చివర గాజుగోడల వెనుక నున్న గదిని జూడుఁడు. అది మన యమరావతి.

ఆ ఱాళ్లు లండను చేరిన విధము వినఁదగినది. 18వ శతాబ్ది తుదను వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు చింతపల్లి విడిచి యమరావతిలో నూతననగరము నిర్మించుచుండఁగా, దీపాలదిన్నె యను మట్టిగుట్టను ఱాళ్లకై త్రవ్వించెను. చెక్కడపు ఫలకములు బయల్పడెను. 1797 ప్రాంతమునఁ గర్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. మరల 1816లో వచ్చునప్పటికి దిన్నె నడుమ గొయ్యి యయ్యెను. ఫలకములు కొన్ని మెట్లక్రిందికిఁ బోయెను, కొన్ని సున్నపుబట్టీ కెక్కెను. మెకంజీ మిగిలినవానికిఁ బటములు వ్రాయించెను. ఆయన పనికి మొదటినుండియుఁ గన్నులును నాలుకయు నైనవారు మన యేలూరివారగు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. 1845లో సర్ వాల్టర్ ఇలియట్టు మరలఁ త్రవ్వించి, దొరకినవానిని మదరాసు పంపెను. అచ్చట నవి పదునాలుగేండ్లు ఎండకును వానకును బడియుండెను. 1859లో నూటయిరువదికిఁ బైగా ఫలకము లోడ కెక్కెను. లండనునను వాని గతి మొదట గోదామును, బండ్లసాలయునే. అచ్చటఁ బడియున్నవానిని ఫెర్గుసన్ అను శిల్పచరిత్రకారుఁడు గుర్తించి 1868లో గ్రంథము ప్రకటింపఁగాఁ గాని లోకమునకు వాని విలువ తెలియలేదు. 1880లో నీ మ్యూజియమునకుఁ జేరినవి.

వానిలో నొక ఫలకము రెండువైపులను జెక్కఁబడినది. ఒకవైపు క్రీస్తునకుఁ బూర్వపుది: బోధివృక్షము, దానిక్రింద శూన్యమైన యాసనము, మ్రొక్కుచున్న జనులు. బుద్ధదేవుని రూపు లేదు. చిహ్నములనే కొలిచిన కాల మది. మఱి యిన్నూటయేండ్లకుఁ బైగా గడచినపిదప నదే పలకను వెనుకకుఁ ద్రిప్పి, స్తూపము సంపూర్ణరూపమును జెక్కిరి: కట్టుగోడ, సింహములు, స్తంభములు, పైన నెగురు దేవతలు. ఇప్పుడు నేలమట్టమైన యా స్తూప మెట్లుండెడిదో మనకుఁ దెలియుట యిట్టి పలకలవలననే. పల్నాటి సున్నపుఱాయి పాలవలె మెఱయుచుండును. ఆ స్త్రీల కడియములు, ఎద్దుల మూఁపురములు, కుండలు, జుట్టుముడులు చూచినవారు, అవి మనయూరివే యని యనక మానరు.

ఇవి తిరిగి రావలెనా? అక్కడ నున్న మన పిల్లలు దీనిని దఱచుగాఁ జర్చింతురు. బ్రిటిషు మ్యూజియముపై 1963లోఁ జేసిన చట్టము, వస్తువుల నిచ్చివేయుటను ఇంచుమించుగా నిషేధించుచున్నది. వారు దొంగిలిరని యొక్కమాటలోఁ జెప్పుటకు నాకు నోరాడదు. సున్నపుబట్టీ పెట్టినవారు మనవారే. అట్లని, నాఁడు కాపాడితిమి గనుక నెల్లకాలము మావే యనుటయు న్యాయము కాదు. పసిబిడ్డను వరదలో నీఁది తీసినవాఁడు పూజ్యుఁడే. తల్లి వచ్చి యడిగినపు డాతఁడు బిడ్డను దాఁచుకొనరాదు. ఈ విషయమున వారి దేశస్థుఁడే యొకఁడు మంచి మార్గము చూపెను. సి. పి. బ్రౌను దొర 1835 మొదలు మూఁడేండ్లు సెలవుమీఁద లండనున నున్నపుడు, కంపెనీ భవనపు గ్రంథాలయమునఁ జదువువారు లేక పడియున్న దక్షిణదేశభాషల తాళపత్రములను జూచి, వానిని మదరాసునకుఁ దిరిగి పంపించెను. చదువువా రెక్కడ నున్నారో పుస్తక మక్కడ నుండవలెనని యాయన తలంపు. ఆ గ్రంథములు నేఁడు చెన్నపట్టణపుఁ బ్రాచ్యలిఖితపుస్తకశాల సంపదలో భాగము. ఆకులు వచ్చినవి, ఱాళ్లు రాలేదు.

ఒక దినము ఓడమీఁద గ్రీనిచ్చికిఁ బొండు. 1675లో రెండవ చార్లెసు కట్టించిన నక్షత్రశాల కలదు. 1884లో వాషింగ్టనున జరిగిన సభ, యీ శాలమీఁదుగాఁ బోవు రేఖనే లోకమునకు సున్నరేఖగా నిర్ణయించెను. మన జ్యోతిషసిద్ధాంతములకు నా స్థానము ఉజ్జయిని రేఖది. మన దేశకాలము 82½ అంశముల తూర్పురేఖ ననుసరించినది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవును. అందుచేత గ్రీనిచ్చికి మన గడియారము అయిదున్నర గంటలు, అనఁగాఁ బదుమూఁడుముప్పావు ఘడియలు ముందు. గోపురముమీఁద నొక యెఱ్ఱగోళము దినదినము ఒంటిగంటకుఁ జారిపడును. నదిలో ఓడలవారు కాలము సరిచూచుకొనుటకై 1833లో దీనిని బెట్టిరి.

కడపట, వీలున్నవారు కెన్సల్ గ్రీను శ్మశానవాటికకుఁ బోవలయును. బ్రౌను దొర సమాధి యచ్చటఁ గలదు. 1798లో కలకత్తాలోఁ బుట్టి, 1820లో కడపకు వచ్చి, పండితులకుఁ దన జీతమునుండి జీతము లిచ్చి గ్రంథములు పరిష్కరింపించి, 1829లో వేమన పద్యములను అచ్చొత్తించి, 1852లో నిఘంటువును బ్రకటించి, 1855లో మన దేశము విడిచిన యీతఁడు, లండను విశ్వవిద్యాలయమునఁ దెలుఁగు ఆచార్యుఁడై, పెండ్లి లేక పిల్లలు లేక, 1884 డిసెంబరు 12వ తేదీని గాలము చేసెను. ఆ వాటిక 72 ఎకరములది, సమాధులు దట్టముగా నున్నవి; ముందుగాఁ గార్యాలయమున విచారించి తావు తెలిసికొని లోనికిఁ బోవుట మేలు. బేకర్లూ భూగర్భరైలు మార్గమున నా పేరిటి స్టేషనే కలదు. అచ్చట దిగి నడచి పోవచ్చును.